చపాతీ మానేశాక ఏం తినాలి: బియ్యమా, జొన్నలా, సిరిధాన్యాలా, ప్యాకెట్ పిండా?

గ్లూటెన్ పడదని తేలిందని బెజవాడలో ఎవరికైనా చెప్పి చూడండి, "ఓస్ ఇంతేనా, అన్నం తినేవాళ్ళం, మనకేంటి" అంటారు. సగం నిజమే. పప్పు, అన్నం, గోంగూర, పెరుగు, వీటిలో దేన్నీ వదులుకోనక్కర్లేదు, మూడు పూటలా రొట్టె తినే ఉత్తరాది వాళ్ళతో పోలిస్తే మనం చాలా నయం. మిగతా సగం సంగతే ఎవరూ చెప్పరు. షుగర్ వచ్చిందని రాత్రి చపాతీకి మారిన ఇళ్ళు మీ వీధిలోనే ఎన్ని ఉన్నాయో చూడండి. పొద్దున ఉప్మా, సాయంత్రం పునుగులు, ఉపవాసం రోజు గోధుమ రవ్వ, ఎండాకాలం ఒంట్లో వేడి చేసిందని బార్లీ నీళ్ళు, వీటన్నిట్లోనూ గ్లూటెన్ ఉంది. గోధుమ, బార్లీ, మన దగ్గర పెద్దగా కనపడని రై, ఈ మూడింట్లో ఉండే ప్రోటీన్ అది. మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా అంటే వేరే ఏవో అనుకుంటారు గానీ అన్నీ గోధుమే.

2016లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో ఉత్తరాదిలో మనిషి రోజుకి సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే దక్షిణాదిలో 25 గ్రాములే తింటున్నారని తేలింది. గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు కూడా అక్కడికంటే ఇక్కడ చాలా తక్కువ కనిపించింది. మనవైపు ఇది చప్పున ఎవరికీ తట్టకపోవడానికి కారణం అదే. రక్తం పట్టడం లేదని ఏళ్ళ తరబడి ఐరన్ మాత్రలు మింగుతూ, గ్యాస్ అని ఒక మందు, విరోచనాలకి ఇంకో మందు వాడుతూ ఉండిపోతారు. మా ఇంట్లో మా అక్కది ఇదే కథ, అందుకే ఈ విషయాలు ఇంత పట్టుకుని తెలుసుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ ఎంచుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఏ ధాన్యం తినాలి. రెండు, ఆ ధాన్యం ఎక్కడ పిండి అవ్వాలి. అందరూ మొదటిదాని మీదే బుర్ర బద్దలు కొట్టుకుంటారు, నా లెక్కలో రెండోదే పెద్దది. దాని దగ్గరికి మెల్లగా వస్తాను.

## ముందు మీది ఏ కేసో తేల్చుకోండి

సీలియాక్ అయితే, గ్లూటెన్ లోపలికి వెళ్ళినప్పుడల్లా మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్న పేగు లోపలి పొరని దెబ్బతీస్తుంది. కడుపు నొప్పి రాకపోయినా దెబ్బ దెబ్బే. పిండి దుమ్ము పాటి కూడా రోజూ పడితే పని చెడుతుంది, జీవితాంతం పత్యమే మందు. గోధుమ అలర్జీ వేరు, తిన్న కాసేపట్లోనే దద్దుర్లు, వాపు, ఒక్కోసారి ఆయాసం. వీళ్ళకి బార్లీ పడొచ్చు, పడకపోవచ్చు, అది డాక్టర్ పరీక్ష చేసి చెప్పాలి. మూడో రకం వాళ్ళకి ఈ రెండూ ఉండవు, కానీ గోధుమ తింటే కడుపు ఉబ్బరం, తలనొప్పి, నీరసం. వీళ్ళలో కొందరికి అసలు చిక్కు గ్లూటెన్‌తో కాదు, గోధుమలోనే ఉండే ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థంతో. అవి ఉల్లిపాయలోనూ వెల్లుల్లిలోనూ కూడా ఉంటాయి కాబట్టి, గోధుమ మానినా ఉల్లిపాయ పులుసు తిన్నరోజు మళ్ళీ పొట్ట ఉబ్బితే అటు చూడండి.

ముగ్గురూ తినగలిగే ధాన్యాల పట్టీ ఒకటే. జాగ్రత్త మాత్రం ఒకటి కాదు. మూడో రకం వాళ్ళు హోటల్ పెనం గురించి టెన్షన్ పడక్కర్లేదు, సీలియాక్ వాళ్ళు, అలర్జీ వాళ్ళు పడాలి. కాబట్టి మీరెవరో తెలియకుండా ఎంపిక మొదలుపెట్టడం దండగ.

ఇంకో మాట, పరీక్ష కంటే ముందు గోధుమ మానేయకండి. టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష, దానితో పాటు మొత్తం ఐజీఏ (ఒంట్లో ఆ రకం యాంటీబాడీలు అసలు ఎంత ఉన్నాయో చూసేది), ఆ తర్వాత ఎండోస్కోపీ చేసి పేగులోంచి చిన్న ముక్క తీసి చూడటం, ఇదీ వరస. మీరు గోధుమ తింటూ ఉంటేనే ఇవి సరిగ్గా పట్టిస్తాయి. ఎవరో చెప్పారని మూడు నెలలు మానేసి వెళ్తే రిపోర్టు శుభ్రంగా వస్తుంది, జబ్బు లోపలే ఉంటుంది. అప్పుడు డాక్టర్ మళ్ళీ ఆరు నుంచి ఎనిమిది వారాలు గోధుమ తిని రమ్మంటారు, అది ఇంకా నరకం.

## ఏం చూసి ఎంచుకోవాలి

అందరూ ముందు ధర అడుగుతారు. నేనైతే ఇలా చూడమంటాను: గోధుమ దుమ్ము అంటకుండా మన ఇంటికి చేరే దారి ఉందా, మీ ఒంటికి ఇప్పుడు ఏది తక్కువగా ఉంది (ఐరనా, కాల్షియమా), ఇంట్లో షుగర్ ఉందా, వండే మనిషికి రోజూ అంత ఓపిక ఉందా. ధర వీటి తర్వాతే, ఎందుకంటే గింజలు కొనుక్కుని చేసుకుంటే జొన్నైనా రాగైనా పెద్ద భారం కావు, జేబుకి చిల్లు పెట్టేది ప్యాకెట్లే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం, వంద గ్రాముల గింజల్లో దాదాపుగా:

| ధాన్యం | ప్రోటీన్ | పీచు | కాల్షియం | ఇనుము |
|---|---|---|---|---|
| పాలిష్ బియ్యం | 8 గ్రా. | 3 గ్రా. | 7 మి.గ్రా. | 0.7 మి.గ్రా. |
| జొన్నలు | 10 గ్రా. | 10 గ్రా. | 28 మి.గ్రా. | 4 మి.గ్రా. |
| సజ్జలు | 11 గ్రా. | 11 గ్రా. | 27 మి.గ్రా. | 6.4 మి.గ్రా. |
| రాగులు | 7 గ్రా. | 11 గ్రా. | 364 మి.గ్రా. | 4.6 మి.గ్రా. |

పట్టిక చూసి సజ్జల్లో ఇంత ఐరన్ ఉంది, మాత్రలు మానేద్దాం అనుకోకండి. గింజల్లోని ఇనుము ఒంటికి పట్టేది తక్కువ, పేగు దెబ్బతిని ఉంటే ఇంకా తక్కువ. పేగు కోలుకునేదాకా మాత్రలు మాత్రలే. ఇంట్లో మనం చేయగలిగింది, గింజల్ని నానబెట్టడమో మొలకెత్తించడమో చేసి, పక్కన నిమ్మకాయ పిండుకోవడం.

## ఒక్కో ధాన్యం సంగతి

బియ్యం. అలవాటు ఉంది, అన్ని ఇళ్ళలోనూ ఉంది, అన్నం గింజగా వండుకుంటాం కాబట్టి మర గొడవే లేదు. మొదటి నెల ఏమీ తోచనప్పుడు కళ్ళు మూసుకుని బియ్యం మీద బతికేయండి. ఉప్మా బదులు ఉప్పుడు పిండి, అంటే బియ్యపు నూకలో పెసరపప్పు వేసి ఎసరులో ఉడికించేది, మన అమ్మమ్మలు చేసిందే, ఇప్పుడు బొంబాయి రవ్వ వచ్చి దాన్ని మింగేసింది. అటుకులు, మరమరాలు, బియ్యపు రొట్టె, ఆవిరి కుడుములు, ఎన్ని కావాలంటే అన్ని. కానీ మూడు పూటలా తెల్లన్నమే అయితే పీచు ఉండదు, మలబద్ధకం వస్తుంది, షుగర్ ఉన్నవాళ్ళకి రాత్రి అన్నం వద్దని అసలు చపాతీకి మార్చిందే డాక్టర్ కదా. కాబట్టి బియ్యం పునాది, అంతా అదే కాకూడదు.

జొన్నలు. రాత్రి చపాతీ స్థానంలోకి వచ్చేది ఏది అని ఒక్కటే అడిగితే నా ఓటు జొన్న రొట్టెకే. కడుపు నిండుతుంది, కూరతో బాగుంటుంది, షుగర్ వాళ్ళకి అన్నం కంటే నయం. చిక్కు చేయడంలో ఉంది. గోధుమ పిండి సాగేదే గ్లూటెన్ వల్ల, జొన్నకి ఆ సాగుడు లేదు, చపాతీ అలవాటున్న చేతికి మొదట్లో రొట్టె నాలుగు ముక్కలవుతుంది. దీనికి కిటుకు వేడి నీళ్ళు. నీళ్ళు ఉప్పుతో తెర్ల కాగాక స్టవ్ కట్టేసి, పిండి పోసి గరిటె తెడ్డుతో కలిపి మూత పెట్టండి, పది నిమిషాల తర్వాత చెయ్యి పట్టేంత వేడి ఉండగానే అరచేతి మడమతో గట్టిగా పిసకాలి, అంచులు పగలకుండా ఉండ అయ్యేదాకా. వేడికి పిండి జిగురెక్కుతుంది, ఆ జిగురే పట్టు. తట్టేటప్పుడు పొడి పిండి, పెనం మీద వేశాక పైన తడి గుడ్డతో ఒకసారి అద్దడం. పాత పిండితో మాత్రం ఏం చేసినా విరుగుతుంది, అందుకే వారానికి సరిపడానే ఆడించుకోండి. రాయలసీమ వాళ్ళు గానీ తెలంగాణ వాళ్ళు గానీ పక్కింట్లో ఉంటే ఒక్క సాయంత్రం వెళ్ళి చూసి రండి, పది వీడియోల పెట్టు.

సజ్జలు. ఐరన్‌లో ముందున్నది ఇదే. రొట్టె జొన్నకంటే కాస్త మెత్తగా, రుచి కొంచెం ఘాటుగా ఉంటుంది, పిల్లలకి నచ్చకపోవచ్చు. పిండి త్వరగా చేదెక్కుతుంది, మన ఎండలకి మరీ. థైరాయిడ్ ఉన్నవాళ్ళు దీన్నే రోజూ ప్రధాన తిండి చేసుకోకుండా మధ్యమధ్యలో తినడం మంచిది, సీలియాక్ ఉన్నవాళ్ళలో థైరాయిడ్ తోడు ఉండటం ఎక్కువే కాబట్టి చెప్తున్నాను.

రాగులు. ఎముకలకి. సీలియాక్ చాలాకాలం తెలియకుండా ఉన్నవాళ్ళకి కాల్షియం, విటమిన్ డి రెండూ తగ్గి ఎముకలు పలచబడతాయి, వాళ్ళకి రాగులు రోజూ ఏదో ఒక రూపంలో ఉండాలి. అయితే పల్చటి రాగి జావ తాగితే షుగర్ పెరగదన్నది ఉత్త భ్రమ, మెత్తటి పిండి ఉడికి నీళ్ళలా అయ్యాక అది రక్తంలోకి త్వరగానే ఎక్కుతుంది. షుగర్ ఉంటే జావ కంటే రాగి దోశో, కూరతో సంగటో మేలు.

కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అయినప్పటి హడావుడి అయిపోయినా షాపులు మాత్రం మిగిలాయి, విజయవాడ, గుంటూరు రెండు ఊళ్ళలోనూ సులువుగా దొరుకుతున్నాయి. వీటిలో నాకు నచ్చే గుణం ఒకటే, అన్నంలా గింజగానే వండుకోవచ్చు, మర అక్కర్లేదు. రాత్రి కొర్రన్నం పప్పుచారుతో పెట్టండి, పెద్దగా గొణుగుడు లేకుండా తినేస్తారు. వీటితో సర్వరోగాలూ పోతాయని చెప్పేవాళ్ళ మాటలు పక్కన పెట్టండి, గ్లూటెన్ లేదు, పీచు ఉంది, మనకి అంతవరకు చాలు. ముందు కొన్ని గంటలు నానబెట్టకపోతే అరగదు, అది మర్చిపోవద్దు.

ఓట్స్. వద్దనే అంటాను, కనీసం మొదట్లో. దానిలో గోధుమ గ్లూటెన్ లేదు, కానీ పొలంలో, గోదాములో గోధుమతో బార్లీతో కలిసిపోతుంది, పైగా సీలియాక్ వాళ్ళలో కొద్దిమందికి ఓట్స్ ప్రోటీనే పడదు. ఇన్ని ధాన్యాలు ఇంటి గుమ్మంలో ఉండగా ఆ తంటా ఎందుకు.

## అసలు తేడా మర దగ్గర

పిండి మర దగ్గర ఒక్క పావుగంట నిలబడి చూడండి. ముందు ఎవరివో పది కిలోల గోధుమలు ఆడతాయి. కింద గుడ్డ గొట్టం తెల్లగా ఉబ్బి, ఆగాక చప్పబడుతుంది. మరాయన దాన్ని చేత్తో నాలుగు దెబ్బలు కొట్టి, మీ జొన్నలు పైన గరాటులో పోస్తాడు. మొదట వచ్చే పిండి అచ్చంగా జొన్నది కాదు, గోధుమది కలిసే ఉంటుంది. "దులిపే పోశానమ్మా, ఏం కాదు" అంటాడు, పాపం ఆయన అబద్ధమేం చెప్పట్లేదు, ఆయన దృష్టిలో అది శుభ్రమే. రాళ్ళ మధ్యలో, గుడ్డ నేతలో ఇరుక్కున్న పిండి ఎక్కడికి పోతుంది? గుంటూరులో కారం మర వేరుగా పెడతారు, పిండిలో కారం కలిస్తే జనం ఊరుకోరు కాబట్టి. జొన్నకీ గోధుమకీ ఆ మర్యాద లేదు.

లెక్క కూడా చూసుకోండి. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అని ముద్ర వేయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదు. ఒక గ్రాము గోధుమ పిండిలోనే ఇంచుమించు వంద మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. అంటే కిలో జొన్న పిండిలో పావు చెంచా గోధుమ పిండి కలిసినా హద్దు దాటిపోయినట్టే. మర మొదటి విడతలో పడేది అంతకంటే ఎక్కువే.

మరి దారులేంటి:

| పిండి ఎక్కడిది | సీలియాక్ ఉంటే | మూడో రకం అయితే (సీలియాక్, అలర్జీ రెండూ లేకపోతే) | శ్రమ, ఖర్చు |
|---|---|---|---|
| వీధి మర | వద్దు | పర్లేదు, గోధుమ తర్వాత వెంటనే వద్దు | తక్కువ |
| ఇంట్లో మిక్సీ, జల్లెడ | మంచిది | అవసరం లేదు | శ్రమ ఎక్కువ, ఖర్చు లేదు |
| ఇంటి పిండి మర | అన్నిటికంటే మంచిది, గోధుమ తాకకూడదు | దండగ | ఒకసారి పెద్ద ఖర్చు |
| గ్లూటెన్ ఫ్రీ ముద్ర ఉన్న ప్యాకెట్ | మంచిది | ఇష్టం | నెలనెలా ఖర్చు |
| ముద్ర లేని జొన్న పిండి ప్యాకెట్ | వద్దు | పర్లేదు | మామూలు |

మిక్సీతో ఇద్దరికి సరిపడా పిండి అవుతుంది. గింజలు కడిగి, మేడ మీద గుడ్డ మీద ఆరబోసి, కొద్దికొద్దిగా వేసి తిప్పి జల్లించుకోవాలి, ఒకేసారి జార్ నిండా పోస్తే వేడెక్కి పిండి కమురు వాసన వస్తుంది. నలుగురైదుగురు తినే ఇల్లయితే ఇంటి మర కొనుక్కోండి, మిక్సీకంటే మూడు నాలుగు రెట్లు ఖరీదు, కానీ సీలియాక్ జీవితకాలం ఉండేది కదా. ఒక్క షరతు, అత్తగారు "ఈ ఒక్కసారికి గోధుమలు ఆడించుకుంటా" అన్నా ఒప్పుకోకూడదు.

గింజలు కొనేటప్పుడు కూడా చూడాలి. విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్లోనో గుంటూరు పట్నం బజారులోనో లూజుగా కొంటే గోధుమ బస్తా పక్కనే జొన్న బస్తా, రెండింటికీ ఒకటే డబ్బా. ప్యాకెట్ గింజలు కొని, అయినా ఒకసారి చేటలో పోసి చూడండి. గోధుమ గింజ పొడుగ్గా మధ్యలో గీతతో ఉంటుంది, గుండ్రటి జొన్నల్లో ఇట్టే దొరికిపోతుంది. కొర్రల్లో కూడా అంతే.

ప్యాకెట్ పిండి గురించి ఒక మాట. ముద్ర ఉన్నది భద్రమే, ప్రయాణాలకీ, వండే ఓపిక లేని రోజులకీ ఒకటి ఇంట్లో ఉండాలి. కానీ వెనక పదార్థాల పట్టీ చదివితే చాలావాటిలో ముందుండేది బియ్యప్పిండి, తర్వాత సగ్గుబియ్యం పిండో బంగాళాదుంప పిండో, పట్టు కోసం ఏదో ఒక జిగురు. చపాతీలాగే సాగుతుంది నిజమే, షుగర్ ఉన్నవాళ్ళకి మాత్రం అన్నం తిన్నదానికి దీనికి పెద్ద తేడా లేదు. బిస్కెట్లు, బ్రెడ్డు అయితే మరీ, గ్లూటెన్ తీసేసి చక్కెర, నూనె పెంచుతారు. గ్లూటెన్ ఫ్రీ అని ఉంటే ఆరోగ్యం అని కాదు, గ్లూటెన్ లేదని మాత్రమే.

ఇంటి గోడల మధ్యే ఉన్న ఇంకో దొంగ ఇంగువ. మనం వాడే ఇంగువ డబ్బాలో అసలు ఇంగువ కొంచెమే, మిగతాది మైదానో బియ్యప్పిండో, జిగురూ. డబ్బా తిప్పి చిన్న అక్షరాలు చదవండి, గోధుమ పిండి అని ఉంటే పక్కన పెట్టేయండి. ముద్ద ఇంగువ కూడా అంతే, ముద్దగా ఉంది కదా అని స్వచ్ఛమని నమ్మకండి. బియ్యప్పిండితో చేసినవి దొరుకుతున్నాయి, అడిగి కొనండి. చారు, పులిహోర, మాగాయ, మజ్జిగ పులుసు, మన వంటలో అది పడని చోటు ఏది? పిల్లలకి పాలల్లో కలిపే మాల్ట్ పొడులు కూడా చాలావరకు బార్లీవే.

## బయట తినాల్సి వస్తే

| తిండి | దేంతో | మాట |
|---|---|---|
| ఇడ్లీ, పచ్చడి | మినప్పప్పు, బియ్యపు రవ్వ | సరే, సాంబారులో ఇంగువ అనుమానం |
| ఉల్లి పెసరట్టు | పెసలు | పిండి సరే, పెనం చూడాలి |
| ఎమ్మెల్యే పెసరట్టు | లోపల ఉప్మా | ఎవరికీ వద్దు |
| రవ్వ దోశ, రవ్వ ఇడ్లీ | బొంబాయి రవ్వ | వద్దు |
| పునుగులు, మైసూర్ బజ్జీ | మైదా కలుస్తుంది | వద్దు |
| మిర్చి బజ్జీ | శనగపిండి | పిండి సరే, నూనె కాదు |
| పిడత కింద పప్పు | మరమరాలు, ఉల్లి, కారం | కలిపే మిక్చర్ ఏంటో అడిగితే సరే |
| పూతరేకులు, సున్నుండలు | బియ్యం, మినుములు | సరే |
| కాజాలు, బొబ్బట్లు | మైదా | వద్దు |
| ఫ్రైడ్ రైస్, మంచూరియా | సోయా సాస్, మైదా | వద్దు |
| హలీమ్ | గోధుమలు | వద్దు |

మిర్చి బజ్జీ దగ్గరే చాలామంది పొరపడతారు. శనగపిండే కదా అని. అదే మూకుడులో ఇందాకే మైసూర్ బజ్జీలు తేలాయి, ఆ మైదా తుంపులు నూనెలోనే ఉన్నాయి. సీలియాక్ వాళ్ళు ఇంట్లో వేయించుకోవాల్సిందే. మూడో రకం వాళ్ళకి ఇంత పట్టింపు అక్కర్లేదు, రెండు తినండి.

సాయంత్రం బండి మీద చేసిచ్చే జొన్న రొట్టెల గురించి అందరూ అడుగుతారు. పిండి సంచి ఏది అని చూడటం కాదు, తట్టేటప్పుడు అద్దే పొడి పిండి ఏదో, పక్కనే పుల్కాలు కూడా కాలుస్తున్నారా అన్నది చూడండి. చాలా బండ్ల మీద రెండూ ఒకే పెనం. కర్రీ పాయింట్ కూరలు అంతకంటే నయం, ముద్దపప్పు, వేపుళ్ళు, గోంగూర లాంటివి తెచ్చుకుని ఇంట్లో అన్నం వండుకుంటే ఉద్యోగం చేసే ఒంటరి మనిషికి గండం గడిచిపోతుంది. మూడు ప్రశ్నలు అడిగితే చాలు: ఇంగువ వేశారా, పిండేమైనా కలిపారా, వేపుడుకి కోటింగ్ ఏంటి. విసుక్కుంటే పక్క కొట్టుకి వెళ్ళండి.

## ఎవరికి ఏది

షుగర్, సీలియాక్ రెండూ ఉన్న యాభై దాటిన మనిషికి: పగలు కొంచెం అన్నం ఎక్కువ కూర, రాత్రి జొన్న రొట్టె, మధ్యలో ఒకటి రెండు రోజులు కొర్రన్నం. రాగి జావ, ప్యాకెట్ పిండి వీళ్ళకి చివరి వరస.

బడికి వెళ్ళే పిల్లలకి రుచే ముఖ్యం, పక్క పిల్లల డబ్బాలో ఉన్నట్టు ఉండాలి. వీళ్ళ కోసం ముద్ర ఉన్న ప్యాకెట్ పిండి కొనడం దుబారా అనుకోకండి, వారంలో రెండు రోజులు మెత్తటి రొట్టె పెట్టండి, మిగతా రోజులు రాగి దోశ, ఇడ్లీ, అటుకుల ఉప్మా. క్లాస్ టీచర్‌కి రాసి ఇవ్వండి, పుట్టినరోజు కేకు ముక్క దగ్గరే బండి బోల్తా పడుతుంది. ఎదుగుదల ఆగిపోయిన పిల్లలు పత్యం మొదలయ్యాక మళ్ళీ పుంజుకుంటారు, అది చూస్తే ఇంట్లో పెద్దవాళ్ళు కూడా దారిలోకి వస్తారు.

గుంటూరు బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో హాస్టల్లో ఉండి చదివే పిల్లలకి ఇది కష్టకాలమే. రొట్టె చేసుకునే వసతి ఉండదు, మెస్‌లో రాత్రి చపాతీ ఉంటుంది. ఒక చిన్న రైస్ కుక్కర్ పెట్టుకోనిస్తారేమో వార్డెన్‌ని అడగండి, డాక్టర్ చీటీ చూపిస్తే చాలాసార్లు ఒప్పుకుంటారు. అన్నం, కొర్రలు, గుడ్డు, ఇంటి నుంచి పొడులు, పెరుగు, వేరుశనగలు, అరటిపండ్లు. జొన్నల సంగతి సెలవులకి ఇంటికెళ్ళాక చూసుకోవచ్చు.

ఉమ్మడి కుటుంబంలో కోడలికో అల్లుడికో ఉంటే ధాన్యం కంటే వంటిల్లు పంచుకోవడమే పెద్ద పని. ఇల్లంతా గోధుమ మానేయడం సులువు, కానీ అందరూ ఒప్పుకోరు. అలాంటప్పుడు చపాతీ పీట, కర్ర, పెనం, జల్లెడ, నూనె మూకుడు వేరు పెట్టుకోండి, స్టీలు గిన్నెలు కడిగితే చాలు, చెక్కవీ గీతలు పడ్డ నాన్‌స్టిక్‌వీ కడిగినా పోదు. గోధుమ పిండి డబ్బా కింది అరలో, మీ పిండి పై అరలో.

వ్రతాలు, పండగలు వచ్చినప్పుడు ఇంకో ఇబ్బంది. సత్యనారాయణ వ్రతం ప్రసాదం రవ్వతోనే చేస్తారు, అన్నవరం నుంచి ఎవరైనా తెచ్చిచ్చేదీ గోధుమ నూకతో చేసిందే. వద్దంటే కోపం వస్తుందేమోనని నోట్లో వేసుకోకండి, కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకివ్వండి. మీ ఇంట్లో వ్రతమైతే బియ్యపు నూకతో చేసుకోవచ్చా అని ముందే పురోహితుణ్ణి అడగండి. వినాయక చవితి మాత్రం మనదే, ఉండ్రాళ్ళు, కుడుములు అన్నీ బియ్యమే. కేథలిక్ చర్చిలో అప్పం గోధుమతోనే ఉండాలన్నది నియమం, గ్లూటెన్ బాగా తగ్గించినదైతే ఒప్పుకుంటారు, లేదంటే ద్రాక్షారసం ఒక్కటే తీసుకోవచ్చు, ఫాదర్‌తో ముందుగా మాట్లాడి ఉంచుకోండి.

పత్యం పట్టిందో లేదో తెలిసేది ఎలా అంటే, ఆరు నెలలు, ఏడాది తర్వాత మళ్ళీ టీటీజీ చేయిస్తే సంఖ్య దిగుతూ ఉండాలి. దిగకపోతే ముందు మరని, తర్వాత ఇంగువని, ఆ తర్వాత వాడుతున్న మాత్రల్ని అనుమానించండి, కొన్ని మాత్రల్లో గోధుమ పిండి పదార్థం వాడతారు, మందుల షాపులో అడగొచ్చు. సీలియాక్ అని తేలితే అమ్మానాన్నలకి, తోబుట్టువులకి, పిల్లలకి కూడా ఆ రక్తపరీక్ష ఒకసారి చేయించండి, బాగానే ఉన్నాం కదా అన్నా సరే, రక్తసంబంధీకుల్లో ఇది మామూలు కంటే చాలా ఎక్కువ. వాళ్ళకి పరీక్ష అయ్యేదాకా చపాతీ మాన్పించకండి.